ఖాళీ బండి కొలత

వైశాఖ శుద్ధ విదియ, ఆదివారం, సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలు. సబ్బవరం అవతల దేముడునాయుడు ఇంటి ముందు మెకానిక్ నూకరాజు కారు చక్రాల దగ్గర గొంతుక్కూర్చుని, "తేడా ఉందండీ" అన్నాడు. అరుగు మీద అప్పలనరసమ్మ చేస్తున్న జపం ఆపేసింది.

తెల్లారితే తదియ. సింహాద్రి అప్పన్న మీద చందనం తీసేసి నిజరూపం చూపించేది ఏడాదికి ఆ ఒక్క రోజే. ఆవిడకి ఎనభై దాటాయి. పైయేటికి కళ్ళే ఉండవో, తనే ఉండదో!

అలాగని ఆవిడకి బెంగేం లేదు. తన ఇంట్లో ఉన్నంత తెలివి చుట్టుపక్కల ఎక్కడా లేదని ఆవిడ నమ్మకం. పెద్దకొడుకు దేముడునాయుడు, చిన్నకొడుకు పైడినాయుడు, పెద్దకోడలు వరహాలు, ముగ్గురూ ముగ్గురే. ఎవరేం చెప్పినా నువ్వుగింజంత తేడా రాకుండా చేస్తారు. నిరుడు ఈ పండక్కే కొండకి బస్సెక్కారు. కండక్టరు "ముందుకి జరగండి, ముందుకి జరగండి" అన్నాడు. జరిగారు. ఇంకా జరగమన్నాడు. ఇంకా జరిగారు. ముందు తలుపులోంచి రోడ్డు మీదికి జరిగిపోయారు. బస్సు వెళ్ళిపోయింది. అంతే, మాట వినేవాళ్ళకి బస్సులు పనికిరావని ఆ పాత కారు కొన్నారు.

"ఏటి తేడా బాబూ?" అంది అప్పలనరసమ్మ.

"ముందు చక్రాలు పైన లోపలికి వాలిపోయాయి మామ్మగారూ. క్యాంబర్ అంటారు. ఇలాగే తిరిగితే టైర్లు ఒకపక్కే అరిగిపోతాయి. ఎంత వాలు ఉండొచ్చో కంపెనీవాళ్ళు కొలత ఇచ్చారు. వాలుని ఆ కొలతలోకి తేవాలి."

"ముందువాటికే ఎందుకొచ్చిందిరా ఈ రోగం?"

"ఈ బండిని లాగేవి ముందు చక్రాలే. ఇంజిను బరువూ వాటి మీదే. వెనకవి ఊరికే వెంట వస్తాయి."

పైడినాయుడికి ఒళ్ళు మండింది. "ఊరికే వస్తాయా? పని ఒకళ్ళది, షికారు ఒకళ్ళదీనా? పీకి అవతల పారెయ్, అన్నయ్యా!"

"ఉండనీరా" అంది తల్లి జాలిగా. "నేనూ ఊరికే కూర్చుని తినట్లేదూ?"

నూకరాజు నవ్వాపుకుని లేచాడు. "కొలిచే సామాను తెచ్చుకుంటాను. ఈలోగా ఎత్తుపల్లాలు లేని చోట బండి పెట్టండి. లోపల బరువేమీ ఉండకూడదు" అని వెళ్ళాడు.

ఇంకేముంది, వాకిట్లో బిందెడు నీళ్ళు పోశారు. కాలవలోకి పారిపోయాయి. రోడ్డు మీద పోశారు. పక్కింటివాళ్ళ గుమ్మంలోకి పోయాయి, వాళ్ళు తిట్టారు. చివరికి వరహాలు హాల్లో కొత్త టైల్స్ మీద నిమ్మకాయ పెట్టింది. కదల్లేదు. "ఇక్కడే!" అంది.

కారు గుమ్మంలో పట్టలేదు. అంతే, అన్నదమ్ములు గడ్డపారలు తెచ్చారు. అప్పలనరసమ్మ మాత్రం అపచారం జరగనివ్వలేదు. ద్వారబంధానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, హారతిచ్చి, "లక్ష్మీదేవీ, తప్పు కాయమ్మా" అని లెంపలేసుకుంది. అప్పుడు పగలగొట్టమంది.

కారు దేవుడి గూడు ముందుకొచ్చి నిలబడింది. సీట్లు పీకారు. పెట్రోలు కూడా బరువేనని గొట్టం పెట్టి బిందెలోకి దించారు. స్టీరింగు ముందున్న అప్పన్న పటం దగ్గర వాదన వచ్చింది.

"స్వామి బరువేటమ్మా?" అన్నాడు దేముడునాయుడు.

"లోకాలన్నీ కడుపులో పెట్టుకున్న తండ్రి తేలిగ్గా ఉంటాడేట్రా?" అంది తల్లి. పటం ఆవిడ ఒళ్ళోకి వచ్చింది.

పైడినాయుడు టైర్లలో గాలి తియ్యబోయాడు. వరహాలు చెయ్యి పట్టుకుంది. "గాలికి బరువుంటే ఊపిరి పీల్చినప్పుడల్లా మనం లావెక్కమా మరిదీ?" అంది. నిజమే కదా! ఈ కోడలు ఏ నోము ఫలమో అని అప్పలనరసమ్మ కళ్ళొత్తుకుంది.

నూకరాజు వచ్చి చూసి నోరు తెరిచాడు. "ఇదేటండి బాబూ!"

"ఎత్తుపల్లాలు లేని చోటు" అన్నాడు దేముడునాయుడు, ఇతని మతిమరుపేమిటా అనుకుంటూ.

ఏం చేస్తాడు! సామాను దించాడు. "బండి ముందుభాగం కాస్త ఊపి వదలండి, సర్దుకుంటుంది" అన్నాడు. అన్నదమ్ములు చెరోపక్కా పట్టి ఊపుతుంటే, ఊపేటప్పుడు పాడకపోతే ఎలాగని అప్పలనరసమ్మ జోలపాట ఎత్తుకుంది. పాట అయ్యేదాకా ఊపు ఆపలేదు. "అది నిద్రపోదు మామ్మగారూ, వదిలేయండి!" అని నూకరాజు దణ్ణం పెట్టాడు. తరవాత చక్రం వెనక బోల్టులు వదులు చేసి, ఇటు తిప్పి, అటు తిప్పి, కొలిచి బిగించాడు. రెండో పక్కా అంతే.

"కంపెనీ కొలత లోపలికి వచ్చేసింది" అని చేతులు తుడుచుకున్నాడు. "ఇది ఖాళీ బండి కొలత. మనుషులెక్కితే కాస్త మారుద్ది. బండికేం కాదులెండి." అని సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు.

నలుగురూ కారు చుట్టూ చేరారు.

"మనుషులెక్కితే మారుద్దంట" అంది వరహాలు.

"ఏం కాదన్నాడు కదే" అన్నాడు దేముడునాయుడు.

"బండికేం కాదన్నాడు. మనకేం కాదన్నాడా?"

ఎంత మాట! ఆ సంగతి తనకి తట్టనందుకు అప్పలనరసమ్మ సిగ్గుపడింది.

మర్నాడు చీకటితోనే తలంట్లు పోసుకుని, ఖాళీ కారుని వాకిట్లోకి తోశారు. వరహాలు పెరట్లో పడున్న వీధి గుమ్మం తలుపులు రెండూ దగ్గరికి జరిపి, గొళ్ళేనికి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది. పెట్రోలు బిందె నెత్తికెత్తుకుంది. దేముడునాయుడు కిటికీలోంచి చెయ్యి పెట్టి స్టీరింగు పట్టుకున్నాడు. పైడినాయుడు వెనకనించి తోశాడు. పటం గుండెలకి హత్తుకుని అప్పలనరసమ్మ పక్కన నడిచింది.

ఊరి చివరకి వచ్చేసరికే ఆవిడ మోకాళ్ళు సలపడం మొదలెట్టాయి. కొండ ఇంకా ఎక్కడో ఉంది. అప్పుడే పక్కవీధి కన్నబాబు ఆటో వచ్చి ఆగింది. లోపల ఒక్క మనిషికి చోటుంది.

"మామ్మా, అప్పన్న దగ్గరికే కదా? ఎక్కు. పొద్దెక్కకుండా దింపేస్తాను."

అప్పలనరసమ్మ ఆటో వైపు చూసింది. పటంలో స్వామి వైపు చూసింది. ఒక కాలు ఎత్తింది కూడా. ఇంతలో చెమటలు కక్కుతూ తోస్తున్న కొడుకూ, తిన్నగా నిలబడ్డ ముందు చక్రాలూ కళ్ళబడ్డాయి. ఎత్తిన కాలు దించేసింది.

"కారున్నోళ్ళం, ఆటో ఎక్కుతామేట్రా?"

"కొండదాకా నడుస్తావా మామ్మా, ఈ వయసులో?"

ఆవిడకి కోపమొచ్చింది. పటం చంకన పెట్టుకుని, ఖాళీగా ఉన్న చెయ్యి కారుకి ఆనించి, బలంకొద్దీ తోస్తూ అంది:

"నడవడమేట్రా, కళ్ళు కనపడవా? కారేసుకుని వెళ్తుంటేనూ!"