చేతులకు పని

హెప్సిబా చేతి కింద ఏ ఒక్కరూ వెంటిలేటర్ నుంచి బయటపడటం లేదు.

కాకినాడలోని ఒక ఆసుపత్రిలో ఆమె చాలా ఏళ్లు నర్సుగా చేసింది. ఊపిరందక మనిషి కొట్టుకుంటుంటే, వెంటిలేటర్ సంగతి తెలిసినవాళ్లు ఎప్పుడొస్తారా అని తలుపు వైపు చూస్తూ నిలబడటం ఆమె వల్ల కాలేదు. అందుకే నడివయసులో మళ్లీ పుస్తకాలు పట్టింది. కొడుకు ఈడు పిల్లల పక్కన బెంచీ మీద కూర్చుని రెస్పిరేటరీ థెరపీ చదివింది. మంచి మార్కులతోనే పాసై, అదే ఆసుపత్రిలో జిలానీ సార్ దగ్గర చేరింది.

అక్కడి వెంటిలేటర్లన్నీ జిలానీ సార్ చూపు కిందే నడుస్తాయి. మాట తక్కువ మనిషి. తప్పు చేసినవాళ్ల మీద కూడా గొంతు లేవదు.

ఆ పనిలో సగం ఊపిరి ఇవ్వడం. మిగతా సగం, ఇచ్చినదాన్ని మెల్లగా వెనక్కి తీసుకోవడం. రోగి కాస్త తేరుకున్నాక మిషను సాయం బాగా తగ్గించి చూస్తారు. ఒక అరగంట సొంత బలం మీద నిలదొక్కుకుంటే నోట్లోంచి గొట్టం తీసేయవచ్చు.

హెప్సిబాకు మొదటి సగం ఇట్టే పట్టుబడింది. రెండోదే కుదరలేదు. సాయం తగ్గించగానే రోగి నుదురు ముడిపడుతుంది, కళ్లు ఆమె కోసం వెతుకుతాయి. అంతే, ఆమె చెయ్యి దానంతటదే వెళ్లి సాయం పెంచేస్తుంది. మానిటర్ మీద అంకెలన్నీ బాగానే ఉన్నా పెంచేస్తుంది.

"మీరింకా సిస్టరే మేడమ్" అని తోటివాళ్లు నవ్వేవారు. పైకి తనూ నవ్వేది. ఇంటికెళ్లాక అన్నం సహించేది కాదు.

ఆ రోజుల్లో ఉప్పాడ నుంచి నూకరత్నం అనే ఆవిడను తీసుకొచ్చారు. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగి అమ్మే మనిషి. న్యుమోనియా వచ్చి ఊపిరితిత్తులు రెండూ మూసుకుపోతే వెంటిలేటర్ పెట్టారు. జ్వరం తగ్గింది, ఎక్స్‌రే బాగుపడింది, మనిషికి తెలివి కూడా వచ్చింది. గొట్టం మాత్రం నోట్లోనే ఉండిపోయింది. హెప్సిబా రెండుసార్లు ప్రయత్నించి, రెండుసార్లూ మధ్యలోనే సాయం పెంచేసింది.

"ఇవాళ కూడా కాకపోతే రేపు గొంతుకు రంధ్రం పెట్టి, గొట్టం అందులోంచి వేద్దాం" అన్నాడు డాక్టరు.

మంచం మీద నుంచే నూకరత్నం ఆ మాట వింది. చెయ్యెత్తి గొంతు మీద పెట్టుకుంది. కేకేస్తేనే చేపలు అమ్ముడయ్యే బతుకు ఆమెది.

హెప్సిబా వరండాలో జిలానీ సార్‌ను పట్టుకుంది.

"సార్, నేను ఈ పనికి పనికిరాను. తిరిగి వార్డుకు పోతాను. అక్కడైతే మనిషికి ఏదో ఒకటి చేస్తూ ఉండొచ్చు. ఇక్కడ ఆవిడ అవస్థ పడుతుంటే నేను చూస్తూ నిలబడాలి."



"దువ్వెన ఉందా అమ్మా?" అని అడిగారు జిలానీ సార్.

హెప్సిబాకు అర్థం కాలేదు. బ్యాగులో ఉందని చెప్పింది.

ఇద్దరూ నూకరత్నం దగ్గరకు వెళ్లారు. ఆయన మంచం తలవైపు కాస్త ఎత్తించి, గోడ నుంచి ముందుకు జరిపించారు. ఇన్ని రోజుల పడకతో నూకరత్నం జుట్టు అట్టకట్టి, ఒకే చిక్కుముడిలా ఉంది.

"రత్నమ్మగారూ, మిషను తగ్గిస్తున్నాను. పని మీదే. కష్టంగానే ఉంటుంది. నేనిక్కడే ఉంటాను" అన్నారు జిలానీ సార్. తర్వాత హెప్సిబా వైపు తిరిగారు. "మీరు వెనక నిలబడి ఆవిడకు జడ వేయండి. ఆక్సిజన్ ఉన్నచోట నూనె వద్దు. నీళ్లతో తడుపుకోండి."

ఆయన సాయం తగ్గించారు.

హెప్సిబా చిక్కు తీయడం మొదలుపెట్టింది. అక్కడి నుంచి ఆమెకు రోగి ముఖం కనిపించదు, మిషను అందదు. కాసేపటికి నూకరత్నం భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. హెప్సిబా చెయ్యి జుట్టులో ఆగిపోయింది.

"సార్..."

"చిక్కు తీయండి."

ఆమె మళ్లీ తీసింది. కొసలు పట్టుకుని, లాగకుండా, ఒక్కొక్క పాయా విడదీసింది. మిషను ఒకసారి గట్టిగా మోగింది. జిలానీ సార్ కదలకపోవడంతో ఆమె కూడా తలెత్తలేదు. మెల్లగా భుజాల ఎగురుడు సన్నగిల్లింది. దువ్వెన పైనుంచి కిందికి జారే ఊపుకు నూకరత్నం ఊపిరి కూడా నెమ్మదిగా కలిసింది. హెప్సిబా మూడు పాయలు తీసి, అల్లి, కొసన గాజుగుడ్డ పేలిక కట్టింది.

"ఎంతసేపైంది సార్?"

"అరగంట దాటింది."

డాక్టరు వచ్చి చూసి సరేనన్నాడు. జిలానీ సార్ పక్కకు తప్పుకున్నారు. గొట్టం హెప్సిబానే తీసింది. నూకరత్నం గుక్క తిరగనంతగా దగ్గి, కళ్లె ఉమ్మి, వెనక్కి వాలింది. జడను ముందుకు లాక్కుని తడిమి చూసుకుంది.

"బిగించేసావమ్మా" అంది, బొంగురు గొంతుతో.

హెప్సిబాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆక్సిజన్ మాస్కు పెట్టి, దుప్పటి సర్ది, బయటికి వచ్చింది. జిలానీ సార్ సబ్బుతో చేతులు కడుక్కుంటున్నారు.

"సార్, రేపు గుండుతో ఎవరో ముసలాయన వస్తాడు. అప్పుడేం చేయాలి?"

ఆయన మోచేతుల దాకా కడుక్కోవడానికి చొక్కా చేతులు పైకి మడిచారు.

ఎడమ మణికట్టు చుట్టూ ఎర్రగా వేళ్ల ముద్రలున్నాయి. ఆ అరగంటా తన కుడిచేత్తోనే బిగపట్టి ఉంచినట్టు, గోళ్లు దిగినంత లోతుగా.

హెప్సిబా వాటిని చూసింది. టవల్ ఆయనకు అందించి, తర్వాతి మంచం దగ్గరకు వెళ్లింది.