పైడితల్లి ఒప్పుకోని వాక్యం

ఒప్పందం కాగితం చదివేటప్పుడు ఏయే మాటలు చదవకుండా వదిలేయవచ్చని జూనియర్ లాయరు హైమవతి ఒకనాటి ఉదయం తన గురువు ముక్తేశ్వరరావు గారిని అడిగింది. అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. "మధ్యాహ్నం ఒకమ్మాయి వస్తోంది. ముందు ఆ పని కానివ్వు," అన్నారు. విజయనగరంలోని ఆ ఆఫీసులో నేను టైపు చేసేదాన్ని గనుక తరువాతిదంతా నా ఎదుటే జరిగింది. ఈమధ్య నాకు పేర్లు జ్ఞాపకంలోంచి జారిపోతున్నాయి. ఇవి గుర్తుండగానే రాస్తున్నాను.

వచ్చిన పిల్ల పేరు పైడితల్లి. డిగ్రీ రెండో ఏడు. లాంగ్ జంప్‌లో కాలేజీకి పతకాలు తెచ్చింది. వెంట ఏజెంటు ఫణీంద్ర ఉన్నాడు. తమ బూట్లతో పోటీల్లో దిగితే చదువు అయ్యేవరకు నెలనెలా జీతం ఇస్తామని ఒక బూట్ల కంపెనీ ముందుకొచ్చింది. సాయంత్రం ఐదులోగా సంతకం కావాలి. జూట్ మిల్లు మూతపడి వాళ్లమ్మకు పని పోయింది. ఈ జీతం రాకపోతే పిల్ల కాలేజీ మాని బట్టల కొట్లో చేరాలి.

గురువుగారు ప్రతి షరతూ పైకి చదివారు. ఏజెంటు వాటా కొంత తగ్గించారు. ఫణీంద్ర ముఖం చిన్నబుచ్చుకుని ఒప్పుకున్నాడు. అన్నిటికీ తలూపిన పైడితల్లి, "నా శిక్షణలో ఇంతవరకు మరెవరి సహాయమూ లేదు" అన్న వాక్యం దగ్గర కలం కింద పెట్టేసింది.

"ఇది అబద్ధం కదండీ."

"అన్ని ఒప్పందాల్లోనూ ఉండే మాటేనమ్మా, పట్టించుకోకు," అంది హైమవతి.

"అదేటి మేడమ్! గ్రౌండులో అప్పలస్వామి తాత నేను దూకే గుంటలో రోజూ ఇసక జల్లించకపోతే నా కాలు ఏ గాజుపెంకు మీదో పడును. హాస్టల్లో వంట సేసే నూకాలమ్మత్త తన గుడ్డు నా కంచంలో ఏసీది. ఆళ్లు లేరని రాయమంటారా?"

"పేర్లు పెడితే రేపు వాటాకొస్తారు సార్, కంపెనీ ఒప్పుకోదు," అన్నాడు ఫణీంద్ర.

గురువుగారు గడియారం చూసి, ఆ ఇద్దర్నీ తీసుకురమ్మని అతన్నే పంపారు. నాలుగున్నరకు వచ్చారు. వాటా అక్కర్లేదని రాసిస్తారా అని గురువుగారు అడిగితే అప్పలస్వామి నవ్వాడు.

"వాటా ఏటి బాబూ! అమ్మి దూకినప్పుడల్లా నా కళ్లల్లో ఇసక పడతాది. నా వాటా నాకు ముట్టింది."

"అన్ని గుడ్లు తిన్నా ఒళ్లు చెయ్యనేదు, అదే నా దిగులు," అంటూ నూకాలమ్మ ఆ మాట రాసిన కాగితం మీద వేలిముద్ర వేసింది. అప్పలస్వామీ వేశాడు.

నేను వాక్యం మార్చి టైపు చేశాను. "నాకు సాయం చేసినవారు అప్పలస్వామి, నూకాలమ్మ; వీరు ఏమీ కోరలేదు" అని. ఫోనులో విని కంపెనీవాళ్లు సరేనన్నారు. ఐదుకు ఐదు నిమిషాలుండగా పైడితల్లి సంతకం పెట్టి, వంగి ఇద్దరి కాళ్లకూ దండం పెట్టింది. ముసలాయన కంగారుగా కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

హైమవతికి ఇంకా సందేహం తీరలేదు. "ఏమీ కోరనివాళ్ల పేర్లు ఒప్పందంలో ఎందుకండీ?" అంది.

గురువుగారు అప్పలస్వామిని అడిగారు. "పిల్ల దూకిన గుర్తు ఇసుకలో ఎంతసేపు ఉంచుతావయ్యా?"

"కొలిచీవరకే బాబూ. ఎంటనే సాపు చేసెత్తాను."

ఆయన హైమవతి వైపు తిరిగారు.

"విన్నావుగా, గుర్తు నిలవదు. అందుకే కొలవగానే రాసుకుంటారు."