పాఠం చెప్పించే పిల్ల

అనగనగా ఒక ఊళ్ళో, కొండ కింద, ఒంటి గది బడి. ఐదు తరగతులూ ఆ గదిలోనే, మేస్టారూ ఒక్కరే. ఆ బడికి పైడితల్లి అని ఒక పిల్ల వచ్చింది బుజ్జీ. గొంతు ఖంగుమనేది. ఒక్కసారి వింటే చాలు, పాఠమంతా ఒప్పజెప్పేసేది.

మేస్టారికి ఒక పద్ధతుంది. ఒక పిల్ల బోర్డు దగ్గర బెత్తం పట్టుకుని అరవాలి, మిగతావాళ్ళు అందుకోవాలి. అప్పుడు ఆయన మధ్యాహ్నం వంటలు చూసుకుంటారు, పైవాళ్ళ ఫోన్లకి జవాబు చెప్పుకుంటారు. ఆ బెత్తం పైడికిచ్చారు. బెత్తం ఒక అక్షరం మీద, నోరు ఇంకో మాట మీద! ఎవరు చూడొచ్చారు? ఎక్కాలూ అంతే. ఏడు ఎనిమిదులు ఎంతే అంటే, పాపం, ఏడు ఒకట్ల నుంచీ పాడుకుంటూ రావాలి.

ఆ తర్వాత మూడో తరగతికొచ్చింది. రాను రాను దానికి భయం పట్టుకుంది. ఒకరోజు అందరూ వెళ్ళేదాకా ఆగి, "మేస్టారండీ, నాకు చదవడం రాదండి. నేర్పరా?" అంది.

ఆయన పకపకా నవ్వారు. "నీకు రాకపోతే ఇంకెవరికొస్తుందే! పో, ఇంటికి పో" అన్నారు. మెచ్చుకున్నాననే అనుకున్నారు, మహానుభావుడు! మర్నాడు పిల్ల మళ్ళీ బెత్తం పట్టుకుంది.

ఆ తర్వాత, ఐదో తరగతిలో ఉండగా, బడి చూడ్డానికి ఒక ఆఫీసరమ్మ వచ్చింది. సంచిలోంచి కొత్త కథల పుస్తకం తీసి, మధ్యలో తెరిచి పైడి చేతికిచ్చి, "చదువమ్మా" అంది. పైడి ఒక్క అక్షరం కూడా పోల్చుకోలేకపోయింది. అప్పుడు ఆవిడ పుస్తకం పక్క పిల్లాడికిచ్చింది. వాడు పైడి నోటికేసి చూశాడు. వాడి వెనక పిల్లకిచ్చింది. అదీ పైడి నోటికేసే చూసింది. గదంతా అంతే, అది మొదలెడితే అందుకుందామని!

ఇన్నాళ్ళూ చదవడం రానిది తనొక్కదానికే అనుకుంది పైడి. "అయ్యో, వీళ్ళందరికీ చెప్పించింది నేనేగా" అని వెక్కి వెక్కి ఏడ్చింది.

మర్నాడు అది పలక పట్టుకుని ఒకటో తరగతి పిల్లల మధ్య కూర్చుంది. ఈసారైనా అఆల దగ్గర్నుంచీ నేర్పుతారని ఆశ. అప్పుడు మేస్టారు చూశారు. "తాడిచెట్టంత దానివి, ఇక్కడేంటే? లే!" అని కసిరారు. ఆఫీసరమ్మ చేత మాటపడ్డ కోపం ఆయనది. బెత్తం ఇంకో పిల్లకిచ్చారు. మళ్ళీ గొంతున్న పిల్లకే, ఏం చెప్పను తల్లీ!

ఆ పిల్ల అరిచింది. గదంతా అందుకుంది. వెనక గోడ దగ్గర నిలబడి, ఏడుస్తూనే, పైడి కూడా అందుకుంది.

కథేమో కంచికి,
పైడేమో ఇంటికి,
కునుకేదీ కంటికి?