కొమ్ముపిట్ట చెప్పని చోటు

చైత్ర బహుళ పంచమి, గురువారం, పొద్దున ఏడు గంటలకు నల్లగుట్ట అడవిలో జరిగిందీ సంగతి. ఆ అడవిలో జింకలు, కోతులు, ఉడుములు, రకరకాల పిట్టలు ఉండేవి. అక్కడొక గుహ నిండా, దేవుడి దయవల్ల, పెద్దలు రాసిపెట్టిన తాటాకుల కట్టలుండేవి. ఏ జబ్బుకు ఏ మందో వాటిలోనే ఉండేది. కొమ్ముపిట్ట చంద్రమతి, ముంగిస వరాలు ఆ గుహను చూసుకునేవారు.

ఏ కట్ట ఎక్కడుందో చంద్రమతికే తెలుసు.

"వదినా, నాకూ కాస్త చూపించవా?" అని వరాలు ఎన్నిసార్లు అడిగిందో.

"నేనుండగా నీకెందుకమ్మా ఆ శ్రమ?" అనేది చంద్రమతి. అందరికీ తెలిసిపోతే ఇక తన దగ్గరికి ఎవరొస్తారని ఆమె బెంగ.

కొమ్ముపిట్టలకొక ఆచారం ఉంది. గుడ్లు పెట్టే కాలంలో ఆడపిట్ట చెట్టుతొర్రలో దూరి, మట్టితో గుమ్మం మూసేసుకుంటుంది. చిన్న సందులోంచి మగపిట్ట తిండి అందిస్తాడు. లోపల ఆమె రెక్కల ఈకలు రాలిపోతాయి. చంద్రమతి అలాగే మూసుకుంది. లోపలికి పోయేముందు వరాలికి కట్టల గురించి ఒక్క ముక్కైనా చెప్పలేదు.

ఆ గురువారం చంద్రమతి మొగుడు విషపు కాయ తిని ఆ చెట్టు కిందే పడిపోయాడు. వరాలు గబగబా తొర్ర దాకా చెట్టెక్కింది.

"విరుగుడు రాసిన కట్ట ఎక్కడుంది, వదినా?"

"ముసలి ఉడుము తెచ్చిన కట్ట పక్కన."

వరాలికి ఒళ్ళు మండిపోయింది. "ఏది ఎవరు తెచ్చారో నాకెప్పుడైనా చెప్పావా? ఆ ఆకులు అడవి సొత్తు. నీ పుట్టింటి నగలనుకున్నావా, దాచుకోవడానికి? అన్నయ్య ఇక్కడ నురగలు కక్కుతున్నాడు."

మాటలతో చెబితే అన్ని కట్టల్లో అది దొరకదని చంద్రమతికి అర్థమైంది. ముక్కుతో గోడ పగలగొట్టుకుని కిందికి దొర్లింది. ఈకల్లేక ఎగరలేకపోయింది. పడుతూ లేస్తూ వరాలి వెంట గుహకు నడిచి, కట్ట తీసిచ్చింది. వరాలు చదివి, వేరు తవ్వి, నూరి తెచ్చి పోసింది. మగపిట్ట కళ్ళు తెరిచాడు.

కానీ వాళ్ళు గుహకు వెళ్ళినప్పుడే, ముంగిస దగ్గర్లో లేదని చూసి, తెరుచుకున్న తొర్రలోకి పాము దూరింది. గుడ్లు మిగల్లేదు.

"ఆ ఒక్క మాట ముందే చెప్పుంటే నీ గోడ నిలిచేది, వదినా," అంది వరాలు.

మర్నాడు పొద్దున్నే ముగ్గురూ స్నానాలు చేసి, దేవుడికి దండం పెట్టుకుని గుహకు వెళ్ళారు. మగపిట్ట జింకల్నీ కోతుల్నీ కేకేశాడు. చంద్రమతి మొదటి కట్ట విప్పి, ఎక్కడ పెట్టాలో, ఎందుకు పెట్టాలో అందరికీ చెప్పడం మొదలుపెట్టింది.

నీతి: పదిమందికి చెందిన తెలివిని ఒక్కరే దాచుకుంటే, ఆ చేటు ముందుగా వారి ఇంటికే వస్తుంది.