జంబయ్య నిలబడ్డ చోటు

కొండవాగు రేవులో అడవిగేదెల మంద నీళ్ళు తాగుతోంది. వంకకొమ్మి అనే గేదె మాత్రం గొంతెండిపోతున్నా మూతి దించలేదు. కిందటి వేసవిలో ఆమె మొదటి దూడను తోడేళ్ళు ఈ రేవులోంచే లాక్కెళ్ళాయి. రేవు కాపలా ఆ తోడేళ్ళకే అప్పజెప్పిన మహానుభావుడు దుమ్ములగొండి. అతన్ని ఏడడవుల సభకు ఎన్నుకుని పంపింది ఈ మందే. అది తలుచుకుంటే వంకకొమ్మికి ఒళ్ళు మండిపోతుంది.

ఇప్పుడు మళ్ళీ ఎన్నికలొచ్చాయి. అదే సభకు నిలబడ్డ జంబయ్య అనే నక్క గట్టెక్కి, తోక ముడుచుకుని నక్కవినయాలు ఒలకబోస్తున్నాడు.

“అమ్మలారా, అయ్యలారా! నేను పరాయివాణ్ణి కాను. కళ్ళు తెరవకముందే మా అమ్మ పోతే ఓ గేదెతల్లి నాకు పాలిచ్చింది. దూడలతో పాటే మందలో పెరిగాను. గెలిస్తే నా మొదటి పని దూడల రక్షణ. రెండోదీ అదే. మూడోదీ అదే!”

మందకు పెద్దయిన ముసలిదున్న భీమప్ప కరిగిపోయాడు. “పాపం, మన బిడ్డేనర్రా!”

“ఏ మందలో పెరిగావు తమ్ముడూ?” అడిగింది వంకకొమ్మి.

“ఆవలికొండ మందలో అక్కా.”

“వాళ్ళెవరైనా ఉన్నారా ఇప్పుడు?”

“ఎక్కడమ్మా, కరువుకు అందరూ పోయారు.” జంబయ్య ముందుకాలితో కళ్ళొత్తుకున్నాడు.

“సాక్ష్యం చెప్పేవాళ్ళంతా చచ్చారన్నమాట.”

“నోర్ముయ్యవే!” కసిరాడు భీమప్ప. “తల్లిలేని బిడ్డను పట్టుకుని ఏం మాటలవి? దుమ్ములగొండి వేరు, ఈ అబ్బాయి వేరు.”

“దుమ్ములగొండప్పుడూ ఇలాగే అన్నావు మావా. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు. మనం గొర్రెల్ని కూడా మించిపోయాం.”

ఎవరూ వినలేదు. జంబయ్యకు జై కొట్టడానికి మందంతా సిద్ధమైపోయింది. వంకకొమ్మి పొట్టకు ఆనుకుని ఈ ఏడు పుట్టిన దూడ నిలబడి ఉంది. ఇది కూడా పోతే తను బతకలేదు.

మందలో పెరిగినవాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేని పని ఒకటుంది. పులి వాసన తగిలి ఒక గేదె బుసకొడితే చాలు, దూడలన్నీ మధ్యలోకి పరిగెత్తుతాయి. పెద్దవాళ్ళు చుట్టూ గుండ్రంగా నిలబడి కొమ్ములు బయటికి పెడతారు.

వంకకొమ్మి తలెత్తి గట్టిగా బుసకొట్టింది. “పులి! పులొచ్చింది!”

కన్ను మూసి తెరిచేలోగా మంద గుండ్రంగా నిలబడింది. జంబయ్య గట్టు మీంచి ఒక్క దూకు దూకాడు. గేదెల కాళ్ళ సందున దూరి మధ్యలోకి చేరాడు. అక్కడ దూడలు కిక్కిరిసి ఉన్నాయి, తనకు చోటు లేదు. వంకకొమ్మి దూడ తొడ కొరికి, దాన్ని బయటికి తోసేసి, ఆ చోట్లో ముడుచుకుని కూర్చున్నాడు. దూడ కాళ్ళ సందుల్లోంచి దొర్లుకుంటూ వచ్చి ఇసకలో పడింది.

పులి లేదు, గిలి లేదు. వంకకొమ్మి దూడను లేపి గాయం నాకింది.

“చూశారా మన బిడ్డను? పులి నోటికి దూడనిచ్చి దాని చోట్లో కూర్చున్నాడు! మీసాలొచ్చిన మగాడివి, మందలో పెరిగినవాడివైతే ఆపదొచ్చినప్పుడు నీ చోటెక్కడో తెలీదట్రా నీకు?”

“కంగారులో అలా జరిగిపోయింది అక్కా... నా ఆశయాలు ఇంకా పూర్తిగా చెప్పనేలేదు...”

“చెప్పక్కర్లేదు. కళ్ళారా చూశాం.”

భీమప్ప ఇసకలో పడ్డ నెత్తురు చుక్కల్ని చూశాడు. దూడలన్నిటినీ మధ్యలోంచి బయటికి, తల్లుల వెనక్కి పంపి, తను మెల్లగా వెనుదిరిగి నక్కకు ఎదురుగా నిలబడ్డాడు. ఆయన్ను చూసి ఒక్కొక్కరే తిరిగారు. పుట్టి బుద్ధెరిగాక ఆ మంద కొమ్ములు లోపలికి తిప్పడం అదే మొదటిసారి. జంబయ్య దూరడానికి ఈసారి ఎవరి కాళ్ళ మధ్యా సందు లేదు.

ఆపదలో ఎక్కడ నిలబడతాడో చూడకుండా ఎవణ్ణీ గద్దె మీద కూర్చోబెట్టకండి.