ఒడ్డెక్కినవాళ్ల లెక్క

పొద్దు బారెడెక్కింది. గాలి లేదు. సముద్రం మీద సన్నగా తుంపర పడుతోంది.

ఎప్పటి మాటంటే, ఇప్పుడు మన ఇళ్లున్న దిబ్బ ఇంకా నీళ్లకిందే ఉన్నప్పటి మాట. భాద్రపదం వెళ్లిపోతోంది. కొందరు ఒడ్డునే నిలబడి అలివి వల లాగుతున్నారు. కొందరు తెప్పలేసుకుని వంజరం చేప కోసం లోతు వేటకు పోతున్నారు.

వాళ్ల రేవులో మూడు కట్టుబాట్లుండేవి. వేటకు పోయేవాణ్ణి ఎక్కడికని అడక్కూడదు. పోయేవాణ్ణి వెనక్కి పిలవకూడదు. పోయినవాళ్లని లెక్కపెట్టకూడదు. లెక్కపెడితే గంగమ్మ వింటుందనీ, విన్న లెక్కలోంచి ఒకణ్ణి తనకు అట్టేపెట్టుకుంటుందనీ భయం.

ఆ రేవులో దానెమ్మ అని ఒకామె ఉండేది. మొగుడు లేడు. పిల్లల్లేరు. ఊరివాళ్ల చిరిగిన వలలు అల్లిపెట్టి, వాళ్లిచ్చిన గుప్పెడు చేపలతో పొయ్యి వెలిగించుకునేది. వలంటే లెక్కే కదా. వరసకిన్ని కళ్లని అల్లుకుంటూ పోవాలి. ఒక్క కన్ను తెగినా చూడకుండానే ఆమె వేలికి తెలిసిపోయేది.

మొగుడు సింహాద్రి సముద్రంలో పోయిన రోజున అందరూ వచ్చేశారనే అనుకున్నారు. చీకటిపడ్డాక అతను లేడని తెలిసి, పక్క రేవులో ఎక్కుంటాడు, రేపొస్తాడు అనుకున్నారు. ఒక పొద్దు చూశారు. రెండు పొద్దులు చూశారు. మూడో పొద్దున తెప్ప దుంగొకటి ఒడ్డుకొచ్చింది.

అప్పట్నుంచీ తెప్పలొచ్చే వేళకు దానెమ్మ మోకాల్లోతు నీళ్లలో నిలబడేది. దిగిన ప్రతివాడి తడి భుజం మీదా చెయ్యి వేసేది. ఒకటి. రెండు. మూడు.

"ఏటే దానెమ్మా, మమ్మల్ని కూడా చేపల్లా లెక్కెట్టి ఉప్పేసి ఎండబెడతావేటి?" అని మొగాళ్లు నవ్వేవారు. ఆడవాళ్లు నవ్వేవారు కారు. ముఖం తిప్పుకునేవారు.

పైడమ్మకు ఒక్కడే కొడుకు, అసిరయ్య. ఒంటిమనిషి నడిపే చిన్న తెప్ప వాడిది. ఆ తుంపర పొద్దున వాడు అల దాటగానే పైడమ్మ వచ్చి దానెమ్మ నోటి మీద చెయ్యి పెట్టింది.

"అప్పా, నీకు పోడానికి ఎవులూ లేరు. నాకున్నోడు ఒక్కడు. నీ లెక్క ఆపీ."

దానెమ్మ ఆ చెయ్యి మెల్లగా తీసింది. "సముద్రంలో ఉన్నోళ్లని నేను లెక్కెట్టను పైడీ. అక్కడున్నంతసేపు ఆళ్లు గంగమ్మోళ్లు. ఒడ్డెక్కినోళ్లనే లెక్కెడతాను. ఈళ్లు మనోళ్లు."

పైడమ్మకు ఆ మాట ఎక్కలేదు.

మధ్యాహ్నం దాటాక తెల్లటి ముసురు దిగింది. రేవు వెనకున్న కొండ కనపడకుండా పోయింది. కొండ ముందు తాడిచెట్టు పోయింది. ఆ రెంటినీ ఒక వరసలో పెట్టుకునే తెప్పవాళ్లు రేవు పట్టుకునేది. ముందే తిరిగిన తెప్పలు ఒక్కొక్కటీ పాలలోంచి తేలినట్టు వచ్చాయి. గంపలు నిండాయి. ఆడవాళ్లు ఉప్పు కలుపుతున్నారు. పైడమ్మా కలుపుతోంది.

"ఇరవై," అంది దానెమ్మ. "నిన్న ఒడ్డెక్కినోళ్లు ఇరవై ఒకరు. ఒకడు తక్కువ."

పైడమ్మ చెయ్యి ఆగింది. "పక్క రేవులో ఆడి అక్క ఇల్లుంది. అక్కడెక్కుంటాడు," అంది.

అన్నాక, తానేమందో తనకే వినపడింది. లేచి నీళ్లలోకి పోయింది.

"లెక్క సరిగా చూశావా అప్పా?"

"చూశాను."

"సరిగా చూశావా?"

"చూశాను పైడీ."

మూడోసారి అడగకుండా, తెప్ప వెయ్యమని ఒడ్డునున్న మొగాళ్ల వైపు తిరిగింది.

కులపెద్ద బండెయ్య తల అడ్డంగా ఊపాడు. "కొండ అవుపడకుండా తెప్పెయ్యలేం తల్లీ. ఎల్లినోడు కూడా పోతాడు."

దానెమ్మ ఇంకాస్త లోపలికి నడిచింది. నడుం లోతులో నిలబడి, సముద్రం వైపు తిరిగి, గొంతెత్తి లెక్క మొదలుపెట్టింది. ఒకటి అంది. రెండు అంది. ఇరవై అని ఆగింది. అల ఒకటి వచ్చి పోయేంతసేపు ఊరుకుంది. మళ్లీ ఒకటి అంది.

అలా ఎన్నిసార్లో. ముసురులో ఆమె కనపడడం మానేసింది. గొంతు ఒక్కటే మిగిలింది. ఆ గొంతు ఎక్కణ్ణుంచి వస్తోందో ఒడ్డునున్నవాళ్లకు తెలియలేదు. నీళ్లే లెక్కపెట్టుకుంటున్నట్టుంది.

దీపాలు పెట్టేవేళకు తెల్లదనంలో ఒక నల్లచుక్క కదిలింది. చుక్క గీతయింది. గీత తెప్పయింది. అసిరయ్య దిగి తల్లి మీద వాలిపోయాడు.

"దిక్కు తెలీలేదమ్మా. ఎవులో లెక్కెడతన్నారు. ఇరవై కాడ ఆగుతన్నారు. నాకోసమే ఆగుతన్నారనిపించింది. అటే తెడ్డేశాను."

దానెమ్మ వాడి భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి చేపలా చల్లగా ఉంది. "ఇరవై ఒకటి," అంది. నవ్వింది కూడా.

ఆ రాత్రి ఆమెకు జ్వరం వచ్చింది. మూడో పొద్దున పోయింది. పైడమ్మే ఆమెకు పసుపు నీళ్లు పోసింది.

ఇప్పటికీ ఆ రేవులో తెప్పలొచ్చే వేళకు ఎవరో ఒక తల్లి నీళ్లలోకి దిగుతుంది. ఆమె లెక్క ముగిసేదాకా ఎవరూ గంప ఎత్తరు. ఎవరూ ఇంటికి పోరు. లెక్క సరిపోతే "దానెమ్మకి చెప్పీసినాం" అంటారు. సరిపోకపోతే ఊరంతా నీళ్లలో నిలబడి, సరిపోయేదాకా ఆ లెక్కతోనే పిలుస్తారు.

అలా మొదట దిగింది పైడమ్మే. దానెమ్మ పోయాక తెప్పలు పోయిన మొదటి రోజది. సాయంత్రం తెప్పలు ఒడ్డుకొస్తున్నాయి. లెక్కపెట్టేవాళ్లు లేరు. వద్దనేవాళ్లూ లేరు. పైడమ్మ చీర ఎగ్గట్టి మోకాల్లోతులోకి పోయింది. మొదటి తడి భుజం మీద చెయ్యి వేసింది. ఒకటి. అల చప్పుడులో అది కలిసిపోయింది. మళ్లీ అంది. ఒకటి. రెండు. మూడు.

తొమ్మిదోవాడు అసిరయ్య. వాడి దగ్గర కాస్త ఆగాలనిపించింది. ఆగలేదు. వెనక ఇంకా తెప్పలున్నాయి.

పది, అంది. పదకొండు. ముసలి బండెయ్య, పదిహేడు. చివరి తెప్ప ఇసకను తాకింది. ఇద్దరు దిగారు.

ఇరవై.

ఇరవై ఒకటి.