‘చేరింది’ అని చెప్పిన టూల్

“నీలవేణీ! కుర్చీలోంచి లే. చేతులు వెనక్కి కట్టుకో!” అని కేకేశారు మాకు పని నేర్పిన శంభుప్రసాద్ మాస్టారు.

అంతకు క్షణం ముందే ఆమె ఆయన్ని ఒక ప్రశ్న అడిగింది. “మాస్టారూ, మనం చేసినదాన్ని చూసుకుని మనమే మురిసిపోతే తప్పా?” ఆయన తప్పనీ అనలేదు, కాదనీ అనలేదు. అడిగినదానికి సూటిగా జవాబు చెప్పడం ఆయనకు అలవాటు లేదు. ఆ పొద్దున్నే కస్టమర్ల ఫోన్లు తీసే పనిలో చేరిన ఎస్తేరు గారిని పిలిచి, నీలవేణి కుర్చీలో కూర్చోబెట్టారు.

కాకినాడలోని మా ఆఫీసుకు ఒక ఆచారం ఉంది. ఏ టూల్ అయినా విడుదల కావాలంటే, దాన్ని ఎన్నడూ చూడని మనిషి వచ్చి వాడిచూడాలి. చేసినవాళ్లు చేతులు వెనక్కి కట్టుకుని వెనకాల నిలబడాలి. కూర్చున్న మనిషి లేచేదాకా నోరు విప్పకూడదు. విప్పారా, ఆ వేళకు విడుదల లేదు. చూడ్డానికి మూగినవాళ్లకు మాత్రం ఈ కట్టుబాటు లేదు.

మురిసిపోవడానికి నీలవేణికి కారణం లేకపోలేదు. మాది సర్వర్ల బాధ కస్టమరుకు లేకుండా చేసే క్లౌడ్. కోడ్ మాకు పంపితే చాలు, దాన్ని నిలబెట్టి నడిపే పని మాది. ఆ పంపడానికే ఇన్నాళ్లూ వెబ్‌సైట్‌లో ఎక్కడెక్కడో నొక్కుతూ తిరగాల్సొచ్చేది. ఇప్పుడు నల్ల తెర మీద ఒక్క మాట టైపు చేస్తే సరి, నీలవేణి రాసిన టూలే అంతా చూసుకుంటుంది. పైగా తెలుగులో జవాబు చెబుతుంది! అది కళ్లు మూసి తెరిచేలోగా ‘మీ కోడ్ మేఘాలకు చేరింది’ అంటుంటే, సముద్రం మీంచి వచ్చిన గాలి మొహానికి తగిలినట్టుండేది నాకు. సాయంత్రం విడుదల. ప్రకటనలో నీలవేణి పేరు కూడా వేసేశారు. ఆ పేరు చూసి మేమంతా అది మా పేరే అన్నంత గర్వపడ్డాం.

ఎస్తేరు గారు వాళ్ల చర్చి పాటల బృందం కోసం కొడుకు తయారుచేసిన పేజీని, ఫోటోలతో సహా పంపింది. ‘చేరింది’ అంది టూల్. చుట్టూ మూగిన మేం చప్పట్లు కొట్టాం. ఆవిడ సంబరంగా లింకు తెరిచింది. అక్కడ ఏమీ లేదు. మళ్లీ పంపింది. మళ్లీ ‘చేరింది’. మళ్లీ ఖాళీ.

“అయ్యో, నేనే ఏదో పాడుచేసినట్టున్నానండీ,” అంది ఆవిడ, కీబోర్డు మీంచి చేతులు తీసేస్తూ. “ఇలాంటివి నాకు రావని ముందే చెప్పాను.”

“పర్లేదండీ, మొదటిరోజు అందరూ ఏదో ఒకటి పగలగొడతారు. మీరు ఏకంగా క్లౌడే పగలగొట్టారు!” అన్నాడు మాతోపాటు చూస్తున్న సుదర్శన్. అందరం నవ్వాం. ఆవిడ కూడా నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

నీలవేణి నవ్వలేదు. ఆమె వేళ్లు వెనకాల ఒకదాన్నొకటి నలిపేసుకుంటున్నాయి. ఆవిడ లేచి వెళ్లిపోతే చాలు, కొత్తమనిషి తడబాటు అనుకుంటారు, సాయంత్రం విడుదల జరిగిపోతుంది. మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

ఎస్తేరు గారు కుర్చీ వెనక్కి జరిపింది.

“లేవకండి,” అంది నీలవేణి. “మీరేం పాడుచెయ్యలేదండీ. ఏదో నచ్చక క్లౌడ్ మీ పేజీని తిప్పి పంపేసి ఉంటుంది. ఆ కబురు వచ్చేదాకా నా టూల్ ఆగదు. చేరిందో లేదో దానికి తెలీదు. జవాబు రాకముందే ‘చేరింది’ అని చెప్పెయ్యమని రాసింది నేనే. తెర కాసేపు ఊరుకుంటే నా పని నెమ్మది అంటారేమోనని భయమేసింది.”

“అంతే, ఇవాళ్టికి విడుదల పోయింది,” అన్నాడు సుదర్శన్, ఈసారి మెల్లగా.

ఎస్తేరు గారు వెనక్కి తిరిగి నీలవేణిని తేరిపార చూసింది. “ఎవరు సార్ ఈ అమ్మాయి?” అని అడిగింది.

మాస్టారు కిటికీ దగ్గర్నుంచి వచ్చారు. మేమెవరమూ ఎన్నడూ వినని గొంతుతో, పక్కగదికి కూడా వినబడేలా అన్నారు:

“నా శిష్యురాలమ్మా.”